ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాముల మాత్ర: ఒంటి నీరు తీసే మందు మీద ఒక సమీక్ష

ఒంటికి నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక, దిండు మీద దిండు వేసుకొని రాత్రంతా కూర్చునే మనిషికి గంట, రెండు గంటల్లోనే ఉపశమనం చూపించే మాత్రలు వైద్యంలో చాలా తక్కువ. వాటిలో ఫ్యూరోసెమైడ్ ముందు వరుసలో ఉంటుంది. మన ఊళ్ళలో దీన్ని లాసిక్స్ అనే బ్రాండు పేరుతోనో, ‘నీరు పోయే మాత్ర’ అనో అడిగి తీసుకుంటారు. గుండె పంపింగు తగ్గిన మా మామగారికి ఈ మందు కొన్నేళ్ళుగా నడుస్తోంది. వేళకు మాత్ర అందించడం, బరువు రాసిపెట్టడం, రక్తపరీక్షలకు తీసుకెళ్ళడం నా బాధ్యత కాబట్టి దీని మంచిచెడ్డలను దగ్గరగా చూడగలిగాను. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు మీదా సమీక్ష కాదు, ఆ మందు మీదనే సమీక్ష. నేను డాక్టరును కాను. మోతాదుల ప్రస్తావన వచ్చిన చోట అది విషయం అర్థం కావడానికే తప్ప, సొంతంగా పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మందు చాలా మంచిది, చాలా చవకైనది. అయితే అది తీసేది నీటినే తప్ప జబ్బును కాదు. మాత్ర చేతిలో పెట్టి పంపేటప్పుడు చెప్పవలసిన జాగ్రత్తలు చెప్పకపోవడం వల్లనే ఎక్కువ ఇళ్ళలో ఇబ్బందులు వస్తున్నాయి.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ జాగ్రత్తల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి చేర్చి, చివరికి లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. ఆ వడపోతలో వచ్చే సోడియాన్ని వంట ఉప్పు లెక్కలోకి మార్చి చూస్తే రోజుకు కిలోన్నర దాకా ఉంటుంది. ఆ ఉప్పులో దాదాపు పావు వంతు, మూత్రపిండంలోని నాళికల్లో (మూత్రం తయారయ్యే సన్నని గొట్టాల్లో) హెన్లీ శిక్యం అనే భాగంలో తిరిగి రక్తంలోకి వెళుతుంది. అక్కడి కణాల మీద సోడియాన్నీ, పొటాషియాన్నీ, క్లోరైడునూ కలిపి లోపలికి లాగే ఒక ప్రోటీను ఉంటుంది. ఫ్యూరోసెమైడ్ దాన్ని అడ్డుకుంటుంది. తిరిగి వెళ్ళవలసిన ఉప్పు నాళికలోనే నిలిచిపోతుంది, ఉప్పు వెంట నీరు కూడా మూత్రంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి దీన్ని మనం నీరు తీసే మందు అంటున్నా, అది నిజానికి తీసేది ఉప్పును. ఈ సంగతి ఆవకాయ జాడీ దగ్గర మళ్ళీ గుర్తు చేసుకోవలసి వస్తుంది.

మాత్ర వేసుకున్న అరగంట నుంచి గంటలోపు పని మొదలవుతుంది, ఒకటి రెండు గంటలకు ఉద్ధృతంగా ఉంటుంది, ఆరు గంటలు గడిచేసరికి దాదాపు ముగిసిపోతుంది. అదే మందును నరానికి ఇంజెక్షనుగా ఇస్తే అయిదు నిమిషాల్లోనే ప్రభావం తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి అత్యవసర విభాగానికి వచ్చిన రోగికి ముందుగా అందుకొనే మందుల్లో ఇది ఒకటి కావడానికి కారణం అదే. ఈ వేగం విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాను. మామగారికి ఆయాసం హెచ్చిన రోజున ఉదయం చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడడానికి చాలాసేపు పట్టేది; మోతాదు సరిపడిన తర్వాత రెండు మూడు రోజులకే ఆ చర్మం ముడతలు పడి వదులుగా కనిపించేది, చెప్పు పట్టీ మళ్ళీ పాత రంధ్రంలోకి వచ్చేది.

నిలకడ విషయంలో మాత్రం అన్ని మార్కులు ఇవ్వలేను. నోటి ద్వారా తీసుకున్న ఫ్యూరోసెమైడ్‌లో సగటున సగమే రక్తంలోకి చేరుతుందని వైద్యులు లెక్క వేస్తారు. అది కూడా మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో రోజుకూ రోజుకూ చాలా తేడాగా ఉంటుంది. కడుపు నిండా తిన్నాక వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. గుండె జబ్బు ముదిరి పేగుల గోడలకు కూడా నీరు పట్టినప్పుడు మందు ఆలస్యంగా ఒంటబడుతుంది. అందుకే ఇంట్లో అంత మాత్రకూ దిగని వాపు ఆస్పత్రిలో ఇంజెక్షనుకు దిగుతుంది. ఇంకొక లక్షణం కూడా తెలుసుకోవాలి. ఈ మందు ఒక స్థాయికి చేరితేనే పనిచేస్తుంది, ఆ స్థాయికి తక్కువైతే దాదాపు ఏమీ చేయదు. ఓల్టేజీ చాలని మోటారు సగం నీళ్ళు పోయదు, అసలు తిరగదు, ఇదీ అంతే. ‘ఎందుకైనా మంచిదని’ ఇంట్లోవాళ్ళు మాత్రను విరిచి సగం వేస్తే సగం ఫలితం కూడా దక్కకపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు ఎక్కువ మోతాదు రాయడం చూసి భయపడేవారు ఈ సంగతి గమనించాలి: మూత్రపిండం మందును నాళికలోకి చేర్చలేకపోతున్నప్పుడు ఆ స్థాయిని అందుకోవడానికే మోతాదు పెంచుతారు.

ఈ మందులు రాకముందు కాలాన్ని ఒకసారి తలచుకుంటే వీటి విలువ తెలుస్తుంది. 1919లో వియన్నాలో సిఫిలిస్ రోగికి పాదరసం ఉన్న ఇంజెక్షను ఇస్తే మూత్రం విపరీతంగా వచ్చిందని ఆల్ఫ్రెడ్ వోగెల్ అనే వైద్య విద్యార్థి గమనించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు గుండె జబ్బు వాపులకు విషతుల్యమైన ఆ పాదరసం ఇంజెక్షన్లే దిక్కయ్యాయి. 1958లో క్లోరోథయజైడ్ మాత్రగా వచ్చింది. 1960లలో జర్మనీకి చెందిన హెక్స్ట్ కంపెనీ ఫ్యూరోసెమైడ్‌ను తెచ్చింది. ఇప్పటికీ అది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ, మన దేశపు జాబితాలోనూ ఉంది. ఇంత పాత మందు, ఇంత తక్కువ ధరకు, ఏ చిన్న ఊరి మెడికల్ షాపులోనైనా దొరకడం పేద కుటుంబాలకు ఎంత ఆసరాయో గుండె జబ్బు మనిషి ఉన్న ఇంట్లో అడిగితే తెలుస్తుంది.

గుండె వైఫల్యం, కాలేయం గట్టిపడి పొట్టలో చేరే నీరు, కిడ్నీ జబ్బుల్లో వచ్చే వాపు, ఊపిరితిత్తుల్లో నీరు: ఫ్యూరోసెమైడ్ అసలు పని వీటిలోనే. కాళ్ళు వాచిన ప్రతివారికీ ఇది మందు కాదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదది, సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి మారి ద్రవం బయటికి ఊరడం వల్ల వచ్చేది. దానికి నీటి మాత్ర వేస్తే వాపు పెద్దగా తగ్గదు సరికదా, పొటాషియం పడిపోయి ఇంకొక మాత్ర అవసరమవుతుంది. కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ కనిపించే బోదకాలు వాపు కూడా అంతే. అక్కడ దెబ్బతిన్నవి ఒంట్లో ఊరిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాలు, వాటిని ఈ మాత్ర బాగుచేయలేదు. పక్కింటివారికి వాపు తగ్గిందని ఆ చీటీనే పట్టుకుపోయి కొనుక్కోవడం మన దగ్గర బాగా చూస్తాం. వాపు ఎందుకు వచ్చిందో తేలకుండా ఈ మందు జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. బరువు తగ్గడానికి వాడేవారి సంగతి మరీ ప్రమాదకరం: తగ్గేది నీరే, కొవ్వు చెంచాడు కూడా కరగదు. క్రీడల్లో ఇతర మందుల జాడను దాచగలవు కాబట్టి ఈ తరగతి మందులన్నీ నిషిద్ధాలు; 2003 ప్రపంచకప్ ముందు షేన్ వార్న్ అలాంటి మాత్ర వేసుకున్నట్టు తేలి ఏడాది పాటు క్రికెట్‌కు దూరమయ్యారు.

ఇక దుష్ప్రభావాలు. అన్నిటికన్నా ముందు మా ఇంట్లో కనిపించింది పిక్కలు పట్టేయడం. రాత్రి నిద్రలో మామగారు కాలు చాపలేక లేచి కూర్చునేవారు. వయసు వల్ల అనుకొని నూనె రాసి మర్దనా చేశాం; రక్తపరీక్షలో పొటాషియం 3.1 ఉంది, ఉండవలసింది 3.5 నుంచి 5 మధ్య. హెన్లీ శిక్యం దగ్గర ఆగిపోయిన సోడియం నాళికలో దిగువకు ఎక్కువగా చేరినప్పుడు, అక్కడి కణాలు దానిలో కొంత వెనక్కి తీసుకుంటూ బదులుగా పొటాషియాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి. మెగ్నీషియం కూడా పోతుంది. పిక్కల నొప్పి దానిలో తేలికైన భాగం. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. మందు మొదలుపెట్టినప్పుడూ, మోతాదు మార్చినప్పుడూ ఒకటి రెండు వారాల్లో సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించడం తప్పనిసరి. మాత్రల ఖర్చు కంటే పరీక్షల ఖర్చే ఎక్కువ అవుతుందని వాటిని మానేసే కుటుంబాలు నాకు తెలుసు. వారి కష్టం అర్థమవుతుంది, కానీ ఈ మందును పరీక్షలు లేకుండా వాడడం చీకట్లో నడవడమే.

కూర్చున్నవాళ్ళు చటుక్కున లేచినప్పుడు కళ్ళు తిరగడం ఇంకొకటి. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోవడం దీనికి కారణం. పెద్దవాళ్ళు రాత్రిపూట మూత్రానికి లేచి బాత్‌రూమ్ గడప దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఇది దారి తీస్తుంది కాబట్టి మాత్రను పొద్దున్నే వేయాలి. రెండు పూటలా రాస్తే రెండోది మధ్యాహ్నానికి ముగించాలి. రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరిగి కాలి బొటనవేలు ఎర్రగా వాచి ముట్టుకోనివ్వకుండా చేసే గౌట్ నొప్పి కూడా వస్తుంది. చక్కెర కొంత పెరగవచ్చు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం అరుదు. అది ఎక్కువగా పెద్ద మోతాదు ఇంజెక్షనును వేగంగా ఎక్కించినప్పుడూ, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్స్‌తో కలిసినప్పుడూ కనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మన వేసవిని మరచిపోకూడదు. మే నెల ఎండలో చెమటలు కారుతున్న మనిషికీ, వాంతులు విరేచనాలతో నీరసించిన మనిషికీ అదే మోతాదు కొనసాగిస్తే మూత్రపిండాలకు రక్తం చాలక క్రియాటినిన్ పెరిగిపోతుంది. అలాంటి రోజుల్లో మాత్ర వేయాలా, ఆపాలా, తగ్గించాలా అన్నది అప్పటికప్పుడు ఫోను చేసి డాక్టరును అడగవలసిన విషయం. ఈ ప్రశ్నకు జవాబును మేము ముందుగానే అడిగి, చీటీ వెనక రాయించి పెట్టుకున్నాం.

మోకాళ్ళ నొప్పులకు వేసుకొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు ఈ మందుకు బద్ధశత్రువులు. అవి ఒంట్లో ఉప్పును నిలబెడతాయి, నీటి మాత్ర పనిని దెబ్బతీస్తాయి. పైగా గుండె కోసం రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటివి కూడా వాడుతుంటే మూడూ కలిసి కిడ్నీ మీద పడతాయి. చీటీ లేకుండా షాపులో అడిగి తీసుకొనే నొప్పి మాత్ర వల్ల, అన్ని జాగ్రత్తలూ తీసుకుంటున్న మనిషికి కూడా వారంలో వాపు తిరిగి రావచ్చు.

అంతకన్నా బాధ కలిగించే అలవాటు సెలైన్. శరీరంలో నిలిచిపోయిన ప్రతి 9 గ్రాముల ఉప్పు లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆస్పత్రి సెలైన్‌లో ఉండేదీ సరిగ్గా అదే పాళ్ళు. అంటే అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. పెళ్ళికని వెళ్ళిన ఊళ్ళో మామగారికి నీరసంగా ఉందంటే అక్కడి ఒక వైద్యుడు గుండె జబ్బు సంగతి అడగకుండానే సీసా ఎక్కించారు. ఆ రాత్రికే ఆయాసం పెరిగి ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. గుండె బలహీనమైనవారికి ‘బలానికి’ పెట్టే సెలైన్ నీటి మాత్ర చేసిన పనినంతా తుడిచేస్తుంది. అక్కడ ఎంత మొహమాటమైనా వద్దని చెప్పాలి.

ఉప్పు విషయమూ అదే లెక్కలో చూడాలి. ఆరు గంటలు గడిచి మందు ప్రభావం తీరగానే మూత్రపిండం పోయిన ఉప్పును రాబట్టుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో కంచంలో ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, ఉప్పు చేప ఉంటే పొద్దుటి మాత్ర తీసినదంతా రాత్రికి తిరిగి వచ్చేస్తుంది. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచమనే ముందు కంచం వైపు చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అది ఒక టీ చెంచాడు. మా ఇంట్లో పచ్చడి పూర్తిగా మాన్పించలేకపోయాం గాని, అన్నంలో ఉప్పు మానేసి, మజ్జిగలో నిమ్మకాయ పిండి, పప్పులో చింతపండు కొంచెం ఎక్కువ వేసి ఆయన నాలుకను నెమ్మదిగా దారికి తెచ్చుకున్నాం.

పోల్చి చూసేవారి కోసం ఈ కుటుంబంలోని మిగిలిన మందుల గురించి కూడా చెప్పాలి. టార్సెమైడ్ కూడా హెన్లీ శిక్యం మీదే పనిచేస్తుంది. నోటి ద్వారా తీసుకున్నదానిలో 80 శాతానికి పైగా రక్తంలోకి చేరుతుంది, ప్రభావం ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది, తిండితో పెద్ద తేడా రాదు. ఫ్యూరోసెమైడ్ 40కి టార్సెమైడ్ 20 సుమారుగా సమానం. దాని వల్ల రోగులు ఎక్కువ కాలం బతుకుతారేమో అన్న ఆశ ఉండేది. కానీ అమెరికాలో ఆస్పత్రిలో చేరిన 2859 మంది గుండె వైఫల్య రోగుల మీద జరిపి 2023లో ప్రచురించిన ట్రాన్స్‌ఫార్మ్ హెచ్‌ఎఫ్ అధ్యయనంలో రెండిటి మధ్య మరణాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి ఫ్యూరోసెమైడ్‌తో కుదురుకున్నవారు ఖరీదైనదానికి మారాలని ఆరాటపడనక్కర లేదు. దానితో ఫలితం ఒకరోజు ఉండి ఒకరోజు లేకుండా పోతున్నవారు మాత్రం టార్సెమైడ్ గురించి డాక్టరుతో మాట్లాడడం మంచిది.

బీపీకి రాసే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ నాళికలో ఇంకా దిగువ భాగంలో పనిచేస్తాయి. నీరు తీయడంలో బలం తక్కువ, బీపీ తగ్గించడంలో నిలకడ ఎక్కువ; 2002లో ఫలితాలు వెలువడిన ఆల్‌హాట్ అధ్యయనం 33 వేల మందికి పైగా రోగుల్లో క్లోర్‌థాలిడోన్ ఖరీదైన మందులకు తీసిపోదని చూపించింది. వీటితో వృద్ధుల్లో సోడియం పడిపోయి మాట తడబడడం, మతిమరుపు, తికమక కనిపించవచ్చు. దాన్ని వయసు మీదికి నెట్టేయకూడదు.

స్పైరొనొలాక్టోన్ తీరు వేరు. అది ఒంట్లో ఉప్పును నిలబెట్టే ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును అడ్డుకొని, సోడియాన్ని పంపిస్తూ పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతుంది. తీవ్రమైన గుండె వైఫల్యంలో దానిని చేర్చితే మరణాలు 30 శాతం తగ్గాయని 1999లో రేల్స్ అధ్యయనం తేల్చింది. ఫ్యూరోసెమైడ్ ఆయాసం తగ్గిస్తుంది, ఇది ఆయుష్షుకు తోడవుతుంది. మామగారికి డాక్టరు రెండూ కలిపి రాసిన తర్వాత పిక్కల నొప్పులు తగ్గాయి. అయితే జాగ్రత్తలు తలకిందులవుతాయి. అంతకుముందు పొటాషియం కోసం తాగమన్న కొబ్బరినీళ్ళు, తినమన్న అరటిపళ్ళు ఇప్పుడు అడిగి తినవలసినవి అవుతాయి. సోడియం తగ్గించిన ఉప్పు అని అమ్మే ప్యాకెట్లలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. స్పైరొనొలాక్టోన్ వాడే ఇంట్లో అది ప్రాణాపాయం తేగలదు, ప్యాకెట్ వెనక అక్షరాలు చదవకుండా కొనవద్దు. మగవారిలో నూటికి సుమారు పదిమందికి రొమ్ములు వాయడమో నొప్పి పుట్టడమో జరుగుతుంది. సిగ్గుపడి మాత్ర మానేయకుండా డాక్టరుకు చెబితే, ఆ ఇబ్బంది తక్కువగా ఉండే ఎప్లెరెనోన్ అనే మందుకు మార్చగలరు.

రోజువారీ వాడకంలో మాకు బాగా ఉపయోగపడిన వస్తువు బరువు తూచే యంత్రం. పొద్దున్నే మూత్రానికి వెళ్ళి వచ్చాక, కాఫీకి ముందు, అదే లుంగీతో తూచి గోడ మీది క్యాలెండరులో రాస్తాం. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది నీరే. కాళ్ళ వాపు కంటికి కనిపించే ముందే ఆ అంకె చెబుతుంది, వెంటనే డాక్టరుకు ఫోను చేస్తాం. ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉన్న రోజున మాత్ర ఎగ్గొట్టకుండా, ఊరు చేరాక వేసుకోవచ్చా అని డాక్టరును అడిగి వేళ మార్చుకున్నాం.

మాత్ర ప్యాకింగు మీద ఒక ఫిర్యాదు ఉంది, అది అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది. మాత్ర చిన్నది, తెల్లనిది, ఇంట్లోని మిగతా చిన్న తెల్ల మాత్రల్లో సులువుగా కలిసిపోతుంది. షాపులో స్ట్రిప్పును కత్తిరించి ఇచ్చినప్పుడు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. చేతికి వచ్చేది ఏ మాత్రో చెప్పని వెండి కాగితం. పూర్తి స్ట్రిప్పే అడిగి తీసుకోండి. ఈ మందుకు వెలుతురు పడదు. విప్పి గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెడితే క్రమంగా పసుపుబారుతుంది. అలా రంగు తిరిగిన మాత్రలను వాడకుండా పారేయాలి.